షహీనా నోట్‌బుక్‌లో లేని వాక్యం

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న షహీనా, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేస్తోంది. వారం తిరగకముందే ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పనికి చేరాలి.

"గివ్ హర్ టీ. బ్రింగ్ హిమ్ వాటర్. సరిగా ఉండాయా, సూడు పాపా?"

సరిగానే ఉన్నాయి. ఇంగ్లీషులో క్రియ తర్వాత ముందు మనిషి, ఆపైన వస్తువు రావాలన్న క్రమాన్ని ఆమె ఎక్కడా తప్పలేదు. అయితే పుటలన్నీ తిరగేసినా, ఆ మనిషి స్థానంలో 'మి' అని, అంటే 'నాకు' అని, ఆమె ఒక్కసారి కూడా రాసుకోలేదు.

"గివ్ మి ఫుడ్ అని కూడా రాసుకో అక్కా. ఆకలైతే అడగాలి కదా," అన్నాను.

షహీనా నవ్వింది. "అన్నం పెట్టమని నోరు తెరిచి అడుగుతారా యాడన్నా? శానా సిగ్గు! మా ఈదిలో గడప తొక్కితే సాలు, తిన్యావా అని వాళ్లే అడుగుతారు."

"అక్కడ ఎవరూ అడగకపోతే?"

షహీనా నోట్‌బుక్ మూసింది.

"మా ఆడబిడ్డ కువైట్‌లో అట్లనే అడక్కుండా ఉన్నింది," అంది. "సిక్కి సగమై తిరిగొచ్చింది."

నా దగ్గర పెన్ను తీసుకుని, నోట్‌బుక్ తెరిచి 'గివ్ మి ఫుడ్' అని రాసుకుంది. ఒకసారి పైకి చదివింది. చదివి, ముందు సీటు వాళ్లు విన్నారేమోనని తలెత్తి చూసింది.