ఆఖరి బండి

నాకు మోటారుసైకిళ్ళంటే పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఏళ్ళ తరబడి పిల్లలకి లెక్కలు చెప్పి, రిటైరై, ఆదివారం పొద్దున్న కాస్త ఎక్కువసేపు పడుకుందామనుకుంటే, మా సందు చివర మెయిన్ రోడ్డు మీద బుల్లెట్ల గుంపు ఒకటి డుబడుబమంటూ వెళ్ళేది. కిటికీ అద్దాలు అదిరిపోయేవి. మంచం మీద నుంచే వాళ్ళ తాతముత్తాతల దాకా వెళ్ళి వచ్చేదాన్ని. ఆ గుంపులో మా సాయిలు కొడుకు కూడా ఉన్నాడని తెలిశాక తిట్లు కొంచెం తగ్గించాను, అంతే.

సాయిలు మా అపార్ట్‌మెంట్ కింద మెట్ల పక్కన ఇస్త్రీ చేస్తాడు. కామారెడ్డి వైపు మనిషి. మేం తణుకు నుంచి అమీర్‌పేట వచ్చేనాటికే అతను అక్కడున్నాడు. ఈ సందు నిండా కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ కదా, అతని గిరాకీ అంతా ఆ పిల్లలే. "అన్నా, ఇంటర్వ్యూ ఉంది" అంటే చాలు, ఆ చొక్కా కాలరు ఇంకోసారి రుద్ది, హ్యాంగరుకి తగిలించి ఇస్తాడు. అతని భార్య స్వరాజ్యం అంతస్తు అంతస్తూ ఎక్కి బట్టలు తెస్తుంది, మళ్ళీ మడతలు చెదరకుండా తెచ్చిస్తుంది. ఆవిడ నోట్లోంచి మాట రావాలంటే మనం చాలా అదృష్టం చేసుకుని ఉండాలి. మొగుడు మాత్రం అందుకు పూర్తిగా భిన్నం.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, విక్రమ్. పంజాగుట్టలో ఓ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. పెద్ద చురుకని చెప్పను గాని, పక్కవాడికి రాకపోతే తన పలక పక్కన పెట్టి వాడికి చెప్పే రకం. పరీక్షలో కూడా అదే పని చేస్తే రెండుసార్లు బెంచీ ఎక్కించాను.

ఉద్యోగం వచ్చాక వాడు పాత బుల్లెట్ ఒకటి కొన్నాడు. బుల్లెట్ ఓనర్ల క్లబ్బులో చేరాడు. ఆదివారం తెల్లవారేసరికి అందరూ పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర చేరి, మా అమీర్‌పేట మీదుగా సంగారెడ్డి రోడ్డు పట్టేవాళ్ళు. కొడుకు బండి చూసుకుని సాయిలు మురిసిపోయాడు. ఓ ఆదివారం ఇస్త్రీ పక్కన పెట్టి, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ రోడ్డు మీదికి వెళ్ళాడు, కొడుకు ఊరేగింపు చూద్దామని. తిరిగొచ్చేటప్పుడు ముఖం మాడ్చుకుని వచ్చాడు.

సాయంత్రం కొడుకు ఇల్లు చేరగానే అందుకున్నాడు. నేను బాల్కనీలో ఉన్నాను కాబట్టి అక్షరం పొల్లుపోకుండా విన్నాను.

"అందరికంటె ఎన్కనారా? బండి కొన్నది ఎందుకు, ముందటోళ్ళ పొగ తాగుటానికా?"

"ఎవలో ఒకలు ఆఖరుకు ఉండాలె గద నాయిన" అన్నాడు విక్రమ్ నవ్వుతూ.

"గా ఒకడు నువ్వే కావాల్నా? సదువుల సుత గంతే ఉంటివి."

ఆ తర్వాత అది ఇంట్లో వేళాకోళమైపోయింది. "మా లాస్టుగాడు వచ్చిండా?" అని అడిగేవాడు సాయిలు. పిలిస్తే విక్రమ్ పలికేవాడు కూడా. నేనూ ఒకటి రెండుసార్లు అలాగే పిలిచాను. నవ్వేవాడు.

పోయినేడు వానాకాలంలో ఓ మధ్యాహ్నం ఆఫీసులో వాడికి ఛాతీలో మంట పుట్టింది. గ్యాస్ అనుకున్నాడట. పక్క సీటు వాళ్ళు ఆటో పిలుస్తామంటే, ఎందుకు, ఇక్కడే కదా అని తనే బండి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. పార్కింగులో వరసలో పెట్టాడు. హ్యాండిల్ ఎడమకి తిప్పి తాళం వేశాడు. హెల్మెట్ అద్దానికి తగిలించాడు. లోపలికి నడిచి వెళ్ళి, కౌంటర్లో పేరు చెప్పాడు, ఊరు చెప్పబోతూ కూలిపోయాడు. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఇంకా పెళ్ళి కూడా కాలేదు. సంబంధాలు చూస్తున్నారప్పటికి.

ఫోన్లో 'నాయిన' అని ఉన్న నంబరుకి ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసేసరికి సాయిలు నా చీరే ఇస్త్రీ చేస్తున్నాడు. ఆ చీర నేను మళ్ళీ కట్టలేదు.

సందులో అందరూ బండి మీద పోయాడనే అనుకున్నారు. కుర్రాడు, బుల్లెట్, పోయాడు అంటే ఇంకేం అనుకుంటారు? పరామర్శకి వచ్చినవాళ్ళు సాయిలు ముందే బండిని తిట్టేవాళ్ళు. "కాదు, బండి మంచిగనే పెట్టిండు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. చెప్పీ చెప్పీ కొన్నాళ్ళకి మానేశాడు.

బండి ఆసుపత్రి పార్కింగులోనే ఉండిపోయింది. ఎవరికీ గుర్తు రాలేదు. దినాలు అయిన మర్నాడు క్లబ్బు పిల్లలు వచ్చి అడిగితే, స్వరాజ్యం లోపలికి వెళ్ళి, ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన తాళంచెవి తెచ్చి ఇచ్చింది. ఓ పూట తర్వాత సందులోకి ఓ చిత్రమైన ఊరేగింపు వచ్చింది. చెరోపక్కా ఇద్దరు పట్టుకుని విక్రమ్ బండిని నడిపించుకుంటూ తెస్తున్నారు. వెనక మిగతా బళ్ళు, ఒక్క హారన్ లేదు. పంజాగుట్ట నుంచి ఆ ట్రాఫిక్‌లో తోసుకుంటూ వచ్చారు. "ఎక్కి నడపొచ్చుగా నాయనా" అన్నాను. "ఓనర్ ఇయ్యకుండ వేరేటోళ్ళ బండి మీద కూసోము ఆంటీ, మా క్లబ్బుల గదే పద్ధతి" అన్నాడు మహేశ్ అనే కుర్రాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆ రోజు నుంచి ఆ గుంపుని నేను తిట్టలేదు.

సాయిలు బండి మీద పాత దుప్పటి కప్పి ఇస్త్రీ బల్ల పక్కనే పెట్టుకున్నాడు.

సంవత్సరీకం అయ్యాక మహేశ్ మళ్ళీ వచ్చాడు. నేను బట్టలకని కిందికి దిగి అక్కడే ఉన్నాను.

"అంకుల్, విక్రమన్న జాగ ఏడాది నుంచి ఎవ్వరికి ఇయ్యలె. వారానికొకలం చూసుకుంటున్నం గాని, పేరు ఆయనదే. ఇగ ఎవర్నన్న పక్కాగ పెట్టమంటున్నరు అందరు. బండికి ఇప్పుడు ఓనర్ మీరే కద. మీరు క్లబ్బుల జాయిన్ అయితె, ఆయన బండి ఆయన జాగలనే నడుస్తది. మీరు చెవి ఇయ్యుండ్రి, నేను నడుపుత, మీరు ఎన్క కూసోండ్రి. లేకుంటే వచ్చే నెల నుంచి ఆ జాగ నా పేరు మీదికి వస్తది. నాకైతె ఇష్టం లేదు."

"గా ఆఖరు జాగ కోసం గింత ఫికర్ ఎందుకు బిడ్డ? ఎవలన్న నడుస్తరు ఎన్క" అన్నాడు సాయిలు.

మహేశ్ అతని వంక అయోమయంగా చూశాడు. "మీకు చెప్పలేదా అంకుల్? లైన్ల అందరికంటె భరోసా ఉన్నోన్నే ఆఖరుకు పెడ్తం. స్వీప్ అంటం. ఎవరి బండి ఆగినా ఆయన ఆగాలె. ఎవ్వర్ని రోడ్డు మీద ఇడిసి రావద్దు. క్లబ్బుల ఆ జాగ అడిగితె రాదు, అందరు కలిసి ఇస్తరు. విక్రమన్న వచ్చినంక మేము ఎన్కకు తిరిగి చూసుడే బంద్ చేసినం."

సాయిలు తల దించుకుని చొక్కా చేతి మీద ఇస్త్రీ పెట్టె నడిపాడు. ఆ చెయ్యి అప్పటికే అయిపోయింది. మళ్ళీ మళ్ళీ దాన్నే రుద్దుతున్నాడు. స్వరాజ్యం వచ్చి పెట్టె తీసి పక్కన నిలబెట్టింది.

"భరోసానా" అన్నాడు సాయిలు. ఏడాదిలో అతను అందరి ముందూ ఏడవడం అదే మొదటిసారి.

మహేశ్ వెళ్ళిపోయాక నన్నడిగాడు. "టీచరమ్మ, మీరు చెప్పుండ్రి. జాయిన్ కావాల్నా, వద్దా?"

నా నోరు ఊరుకోదు కదా. "నీకేమైనా పిచ్చా సాయిలూ? ఈ వయసులో కుర్రాళ్ళ వెంట తిరుగుళ్ళేంటి? నడుం విరుగుతుంది" అన్నాను.

"తిరుగుటానికి కాదు టీచరమ్మ. వాని పేరు పోతది."

స్వరాజ్యం వంక చూశాను. ఆవిడ దుప్పటి అంచు సర్దుతోంది, బండి మీద దుమ్ము పడకుండా.

వారమంతా అతనికి అదే ఆలోచన. చేరతానని ఓ పూట, చేరనని ఓ పూట. ఆ వారంలో ఇద్దరు పిల్లల చొక్కాలు కాలాయి. ఆఖరికి, "ముందుగాల ఒకసారి చూసొస్త. మీరు సుత రాండ్రి, నాకు ఆళ్ళతోటి మాట్లాడరాదు" అన్నాడు. మాట్లాడ్డం రాదట! సరేనన్నాను.

ఆదివారం పొద్దున్నే, బట్టలు చేరవేసే అతని మోపెడ్ మీద వెనక కూర్చుని, కొంగు నడుముకి చుట్టుకుని, కళ్ళు మూసుకుని పంజాగుట్ట చేరాను. ఫ్లైఓవర్ పక్కన బళ్ళన్నీ వరసగా ఉన్నాయి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి సాయిలు కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఒకడు మాకు ఛాయ్ తెచ్చాడు. నేను ఇన్నాళ్ళూ రౌడీ మూక అనుకున్నవాళ్ళు, దగ్గర నుంచి చూస్తే నా స్కూలు పిల్లల్లాగే ఉన్నారు.

బయల్దేరే వేళైంది. "మీరు ఈడనే ఉండుండ్రి. నేను అమీర్‌పేట దాక వీళ్ళ ఎన్కనే పోయి వస్త" అని సాయిలు మోపెడ్ ఎక్కాడు. బళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. అందరూ వెళ్ళిపోయారు. చివర మహేశ్ మాత్రం ఇంజను ఆన్ చేసి అలాగే నిలబడ్డాడు. అతని వెనక సాయిలు కూడా నిలబడ్డాడు.

"నడువు బిడ్డ" అన్నాడు సాయిలు.

"మీరు ముందుకు పోండ్రి అంకుల్."

"నేను నీ ఎన్క వస్త."

"అట్ల కుదరదు అంకుల్. నా ఎన్క ఎవ్వరు ఉండొద్దు. ఆఖరు బండి నాదే."

సాయిలు మోపెడ్ ఆపేశాడు. కిందికి దిగాడు.

"నీకేమన్న అయితె? ముందటోళ్ళకు అయితె నువ్వు ఆగుతవు. నీకు అయితె ఎవలు ఆగుతరు?"

మహేశ్ హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. రోడ్డుకి అవతల, ఆ పిల్లాడు బండి పెట్టి వెళ్ళిన ఆసుపత్రి బోర్డు కనిపిస్తూనే ఉంది.

"నేను జాయిన్ కాను బిడ్డ" అన్నాడు సాయిలు. గొంతు మామూలుగానే ఉంది. "వాని పేరు సుత తీసెయ్యుండ్రి, ఏం గాదు. ఒక్కటి జేయుండ్రి. ఆఖర్ల ఇద్దర్ని పెట్టుండ్రి. ఒక్కన్నే పెట్టకుండ్రి."

మహేశ్ బండి దిగి అతన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో. పక్కన నిలబడి నేను ముక్కు తుడుచుకుంటూ, వచ్చే పోయే ఆటోల వాళ్ళని కళ్ళెర్రజేసి చూస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అతని వీపు తప్ప నాకేం కనిపించలేదు. మెట్రో స్తంభాలు దాటుతుండగా ఆ వీపు మాట్లాడింది. "ఆ దినం వాడు నాకు ఫోన్ జేయలె టీచరమ్మ. ఆఫీసు నుంచి మన సందు ఎంత దూరం? సందు మలుపుల జర హారన్ కొట్టినా ఉరికొస్తుంటి. అందర్ని చూసుకునుడు నేర్చిండు గాని, నన్ను పిలుసుడు నేర్వలె. నేనే నేర్పలె." నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. అంతకంటే ఏం చెయ్యను?

పై ఆదివారం గుంపు వచ్చే వేళకి నేను కిటికీ మూయలేదు, బాల్కనీలోకి వెళ్ళాను. సాయిలు సందు చివరిదాకా వెళ్ళి, చేతిలో ఎవరిదో ఇంటర్వ్యూ చొక్కాతో నిలబడ్డాడు. బళ్ళన్నీ వెళ్ళాయి. కొంచెం ఎడంగా, పక్కపక్కన రెండు బళ్ళు వచ్చాయి. ఇద్దరూ సాయిలుని చూసి చెయ్యెత్తారు. అతనూ చొక్కా పట్టుకున్న చెయ్యే ఎత్తాడు.

వెనక్కి వచ్చి భార్యతో చెప్పాడు. "ఇద్దర్ని పెట్టిండ్రే. పక్కపక్కనే పోయిండ్రు."

స్వరాజ్యం బట్టల మూట దించింది. బండి మీది దుప్పటి వంక చూసింది.

"గిప్పుడు పెట్టిండ్రా, వాడు పోయినంక" అంది.