చాటింపు పడిన రాత్రి చిట్టి ఊళ్లో ఉంది

కువైట్‌లోని రిగ్గైలో, మామా అని పిలిచే యజమానురాలి ఇంటి వంటగదిలో వెంకటేశ్వరి బియ్యం కడుగుతుండగా ఊరి నుంచి తోడికోడలు చిట్టి ఫోన్ చేసింది. గలగలా మాట్లాడే మనిషి ఆ రోజు నసిగింది.

"అక్కా, రాత్రి మనూళ్లోనే పండుకొన్యా. తెల్లారకముందే చాటింపు ఏసినారు."

వెంకటేశ్వరి కొళాయి కట్టేసి కుర్చీ లాక్కుంది.

రాయచోటి దగ్గరి ఆ ఊరికి గంగమ్మే పెద్ద. జాతరకు ముందు డప్పు కొట్టి చాటింపు వేస్తారు. ఆ రాత్రి ఊళ్లో నిద్ర చేసినవాళ్లెవరైనా సరే, అమ్మవారిని సాగనంపేదాకా పొలిమేర అవతల రాత్రి గడపకూడదు. కొత్తల్లుడికైనా మినహాయింపు లేదు. ఒక ఏడు చీరలమ్మే మనిషి అలా చిక్కుకుపోతే, ఊరంతా వంతులేసుకుని అన్నం పెట్టింది. ఆయన చీరలూ అక్కడే అమ్ముడుపోయాయి.

చిట్టి, వెంకటేశ్వరి ఒకే ఇంట్లో పని. ఒకరు తిరిగొస్తేనే రెండోవాళ్లు సెలవు మీద వెళ్లాలని మామా షరతు. చిట్టి గురువారం మద్రాసులో విమానమెక్కాలి. శుక్రవారం వెంకటేశ్వరి బయల్దేరాలి. కూతురు రెడ్డెమ్మకు తొలి కాన్పు. జాతర రోజుల్లో ఊళ్లో పురుడు రాకూడదని ఆ పిల్లను ముందే రాయచోటికి పంపేశారు. ఆసుపత్రి పక్కన అద్దె గదిలో మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉన్నారు. తోడుండాల్సిన ఆడవాళ్లంతా పొలిమేర లోపల. బయట మిగిలింది తల్లి ఒక్కతే, ఆమె కువైట్‌లో ఉంది.

"జాతర ఉగాది దాటినాంక గదా?" అంది వెంకటేశ్వరి.

ఈసారి ముందుకు జరిపారట. గుడి ముఖద్వారానికి చందాలిచ్చింది కువైట్‌లోనే సబ్హాన్ వర్క్‌షాపుల్లో పనిచేసే ఊరి మగవాళ్లు. వాళ్ల సెలవులకు కుదిరేలా కమిటీ తేదీ మార్చింది. ఆ కబురు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పొద్దున లేస్తే పూలూ దండాలూ తప్ప ఏమీ ఉండని ఆ గ్రూపు మోత వెంకటేశ్వరి ఎప్పుడో ఆపేసింది.

"సరే, నేను చూడల్యా. మన అత్తకు నోరు ల్యాదా? నువ్వు బస్సు దిగంగానే చెప్పకూడదా?"

"చెప్తే నేను పోతా గదక్కా. పిండివంటలకు మనిషి దొరికెనని ఊరుకొన్యాది."

అత్త సూరాయమ్మ అంతటి ఘటికురాలే. అసలు చిట్టి పుట్టింటి నుంచి ఆ రోజు ఊళ్లోకి వెళ్లిందే వెంకటేశ్వరికి కొత్త కారం తేవడానికి. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

దాటి వచ్చేయమని చెప్పడానికి వెంకటేశ్వరికి నోరు రాలేదు. కూతురు నేడో రేపో కనబోతున్నప్పుడు గంగమ్మతో పెట్టుకునే తల్లి ఆ ఊళ్లో పుట్టలేదు. కమిటీలో పెద్దమనిషైన బాలసుబ్బయ్య సబ్హాన్‌లోనే ఉంటే, ఆయనకు ఫోన్ చేసింది. తేదీ జరిపిన పుణ్యాత్ముల్లో ఆయనా ఒకడు. అంతా విని, చిట్టికి జ్వరమని మామాతో చెప్పేయమన్నాడు.

"జ్వరమంటే డాక్టరు కాగితం అడుగుతాది. అది నువ్వు రాసిస్తావా?"

"నేనేం జేసేదమ్మా. కావాలంటే జాతరలో నీ పేరు మీద టెంకాయ కొట్టిస్తా."

ఫోన్ పెట్టేసి, ఇక దాచి లాభం లేదని మామా దగ్గరికి వెళ్లింది. వచ్చిన అరబ్బీ, రాని అరబ్బీ కలిపి చెప్పింది. ఊరు మూసేశారు అని మొదలుపెడితే, యుద్ధమా అని మామా అడిగింది. కాదు, పండగ అంటే, పండగకు ఊరెందుకు మూస్తారంది. పోలీసులు ఆపారా అంది. పోలీసులు కూడా దాటరు అని చెప్పాక మామా మొహంలో అయోమయం ఇంకా పెరిగింది. వెంకటేశ్వరికి ఓపిక చచ్చిపోయింది.

"మామా, గంగమ్మ మా ఊరికి కఫీల్. ఆమె ఎగ్జిట్ ఇయ్యకుంటే ఎవరూ బయటికి పోరు. ఖలాస్."

పనివాళ్ల రాకపోకలు చేతిలో పెట్టుకునే కఫీల్ తనూ కాబట్టి, అది మామాకు వెంటనే అర్థమైంది. అయితే ఆ కఫీల్‌తో తను మాట్లాడతానంది, నంబరు ఇమ్మంది. నంబరు లేదని చెప్పేసరికి విసుక్కుని, ఇల్లెవరు చూస్తారని అడిగింది. నా కూతురినెవరు చూస్తారని వెంకటేశ్వరి అడిగింది. ఆ ఇంట్లో ఆమె ఎదురు ప్రశ్న వేయడం అదే మొదలు. మామా కాసేపు ఫోను గీకుతూ కూర్చుని, పక్కవీధిలో ఉన్న చెల్లెలికి చేసింది. చిట్టి వచ్చేదాకా ఆ ఇంటి వంటమనిషి గౌసియా బీ రెండిళ్లకూ వండాలని తేలింది. మామా లేచి బీరువాలోంచి వెంకటేశ్వరి పాస్‌పోర్టు తీసి టేబుల్ మీద పడేసింది.

గౌసియా బీది రాయచోటే. వంటగది అప్పగించుకుంటూ డబ్బాలన్నీ చప్పుడయ్యేలా తీసి పెట్టింది.

"ఊరు మూసేది మీరు, నడుము ఇరిగేది నాకా వెంకటేశ్వరీ? ఆ బాలసుబ్బయ్యను పిలిపించు, గిన్నెలు తోమిపోతాడు."

"తోముతాడు ల్యా. దానికీ తేదీ జరుపుతాడు," అంది వెంకటేశ్వరి.

శుక్రవారం విమానాశ్రయంలో తనిఖీ లైన్లో ఉండగా అల్లుడు పెంచల్ ఫోన్ చేశాడు. నొప్పులు పొద్దున్నే వచ్చాయట. ఆడపిల్ల పుట్టిందట. ఇద్దరూ బాగున్నారట.

వెంకటేశ్వరి లైన్లో ఉన్నచోటే ఆగిపోయింది. వెనకాల మనిషి యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. ఇంత రభస చేసి, అన్ని మాటలు పడి, ఒక్క పూట తేడాతో కాన్పుకు అందలేకపోయింది.

"బిడ్డ కాడ ఎవరుండారు?"

"నర్సమ్మ ఉండాదత్తా. మగోళ్లను లోపలికి రానీలేదు. నేను బయట ఉండా."

"బయట నిలబడేకి పోయినావా నువ్వు? నర్సమ్మను బతిమాలుకో, కాళ్లు పట్టుకో. లోపలికి పోయి దాని పక్కన కూచో. నేను వచ్చేదాకా కదలద్దు."

అల్లుడు ఏదో చెప్పబోయాడు. ఫోన్ కూడా ట్రేలో పెట్టాలని గార్డు సైగ చేశాడు. వెంకటేశ్వరి పెట్టేసి, చెప్పులు విప్పి ముందుకు నడిచింది.