నేలకు వొంపని చుక్క

నా చిన్నప్పుడు, బస్తరు రాజుల ఏలుబడిలో, కొంటా దగ్గరి మా ఊళ్ళో కొత్త మనిషి కనబడితే కుక్కల కంటే ముందు మనుషులకే అనుమానం పుట్టేది. ఇంట్లో ఇప్పసారా కాయకూడదని చట్టం. కావలసినవాళ్ళు సర్కారు దగ్గర పాట పాడుకున్న ఠేకేదారు కొట్టులోనే కొనుక్కోవాలి. దానివల్ల తాగుడు తగ్గిందా అంటే, ఏమీ లేదు. బట్టీలు ఇళ్ళలోంచి అడవిలోకి పోయాయి, అంతే.

మా తాత పోయాక ఆయన పేరిట రాయి నిలిపే రోజు దగ్గరపడింది. ఆ రాయి మీద ఇంట కాచిన సారానే పోయాలి. కొట్టు సారా పోస్తే పోయినవాళ్ళు ముట్టరని మావాళ్ళ నమ్మకం. అందుకని మా అయ్య వాగు పక్క పొదల్లో కుండ పెట్టి కాస్తున్నాడు. దొరికితే జగదల్‌పూరు జైలే.

ముందు రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. శబరి నది అవతలి నుంచి వస్తున్నానని, దాహంగా ఉందని అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. మండుటెండలో దుప్పటేమిటని మా అవ్వకు అప్పుడే అనుమానం. ఇప్పపూలు నానబెట్టిన నీళ్ళు మోదుగాకు దొప్పలో పోసి, ఏం చేస్తాడో చూద్దామని, సారా అన్నట్టుగా చేతికిచ్చింది. మాలో ఎవరైనా సారా నోట పెట్టుకునే ముందు, పోయిన పెద్దలకని రెండు చుక్కలు నేలకు వొంపుతారు. ఆయన వొంపలేదు. గటగటా తాగేశాడు.

మనవాడు కాదు, అబ్కారీ మనిషే అని అవ్వ తేల్చేసుకుంది. "లేగను కట్టేసి రాపో బిడ్డా" అంది నాతో. అది మేం ముందే అనుకున్న గుర్తు మాట. ఒక్క పరుగున వాగు దగ్గరికి పోయాను. అయ్య వెంటనే కుండ పగలగొట్టాడు. రెండు రోజుల కష్టం వాగులో కలిసిపోయింది. అయ్య కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మేం తిరిగొచ్చేసరికి ముసలాయన దుప్పటి తీసి పక్కన పెట్టాడు. ఒళ్ళో నిండు సొరకాయ బుర్ర. ఆయన మా తాతతో కలిసి శబరిలో కలప తెప్పలు నడిపినవాడట. ఎవరు ఎలాంటివాళ్ళో తెలియక ఆయనా నోరు విప్పలేదట. నేను వాగువైపు పరుగెత్తడం చూశాకే, మేమూ తనలా భయపడేవాళ్ళమేనని ధైర్యం వచ్చిందట.

"మా ఇంట్ల కాచిందే వదినా. మా అన్న రాయి మీద పోద్దామని తెచ్చిన" అంటూ మూత తీసి రెండు చుక్కలు నేలకు వొంపాడు.

"మరి ఇందాక ఎందుకు వొంపలే?" అంది అవ్వ.

"అది సారానా ఏంది? పూల నీళ్ళు పోసి సచ్చినోళ్ళను మోసం చేస్తనా?"

అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు తాత రాయి మీద పోసింది ఆయన తెచ్చిన సారానే.

ఆ తర్వాత రాజ్యం మారింది, చట్టాలు ఎన్నో వచ్చాయి, పోయాయి. సారా మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ రోజుల్లో పట్టుకున్న అనుమానం నన్నూ వదల్లేదు. ఇప్పటికీ గుమ్మంలో కొత్తవాళ్ళు నిలబడితే ముందు వచ్చేది అదే. వెంటనే మా అవ్వ ఏడుపు గుర్తొస్తుంది. సిగ్గుపడి, లోపలికి రమ్మంటాను.