హనాన్ నవల ఏ అరలో?

అమెరికాలో బాతెల్ అనే ఊరి దగ్గర ఒక పబ్లిక్ లైబ్రరీలో పద్దెనిమిదేళ్లు క్యాటలాగర్‌గా పనిచేశాను. కొత్త పుస్తకం దేని గురించో రాసి, ఏ అరలో ఉండాలో తేల్చడం మా పని. చదవడం మా పని కాదు. ముందట్ట, వెనకట్ట, మొదటి రెండు పేజీలు, పది నిమిషాల్లో తీర్పు. పెళ్లిచూపులకైనా అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

రిటైర్మెంట్‌కి మూడేళ్ల ముందు, జనవరిలో, విదేశాల్లో ఉంటున్న స్త్రీల మీద వచ్చిన అరబ్ నవలల అనువాదాలు ఒక ట్రాలీ నిండా నాకు అప్పగించారు. ప్రతి అట్ట మీదా ఒక కిటికీ, అందులోంచి బయటికి చూస్తున్న స్త్రీ వీపు. అన్నిటికీ 'అరబ్ స్త్రీలు – అస్తిత్వ సంఘర్షణ' అని రాసి, మూలనున్న ప్రపంచ సంస్కృతుల అరకు పంపేశాను.

రెండేళ్లు ఎవరూ తీసుకోని పుస్తకాన్ని ఏరి అమ్మేస్తాం. ఆ పనిని కలుపు తీయడం అంటారు. గడువు దగ్గరపడగానే ముందు పచ్చచీటీ పెడతాం.

ఒకరోజు కౌంటర్‌లో పనిచేసే మా వరంగల్ రమణ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఎవరో రైటరంట, నీ మీద మస్తు గరమైతున్నది. జల్ది రా!"

ఆవిడ పేరు హనాన్. తన నవలలో తనే పచ్చచీటీ చూసుకుంది. "మా హీరోయిన్ డెంటల్ క్లినిక్ మేనేజర్. ఆమె పోరాటం ప్రమోషన్ కోసం. అస్తిత్వం గురించి అడిగేది ఆమె కొలీగ్స్. మీరు చదివారా?" అంది.

క్యాటలాగర్లు చదవరని వివరించాను. నా మాటలు నాకే వినబుద్ధి కాలేదు.

ఆ వారమే చదివాను. క్లినిక్‌లో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందు ఎప్పుడు పెట్టినా హీరోయిన్‌ని హమ్మస్, అదే అరబ్బుల శనగల పచ్చడి, తెమ్మంటారు. ఆమె షాపులో కొని, ఇంటి గిన్నెలోకి మార్చి, పైన నూనె పోసి పట్టుకెళ్తుంది. అక్కడ పుస్తకం మూసేశాను. ఎందుకంటే ఆఫీసులో నా వంతు ఎప్పుడూ సమోసాలే. తెనాలిలో పుట్టిన నేను సమోసా చుట్టిన పాపాన పోలేదు. ఫ్రోజెన్ ప్యాకెట్ వేయించి, సంప్రదాయం ఉట్టిపడాలని స్టీలు డబ్బాలో సర్దేదాన్ని.

నవలను మామూలు ఫిక్షన్‌లోకి మార్చమని అడిగితే, మా సూపర్‌వైజర్ కారల్ సందేహించింది. "ఆ హెడింగ్ తీసేస్తే పాఠకులకు ఎలా దొరుకుతుంది?"

"ఉన్నన్నాళ్లూ ఎవరికి దొరికింది?" అన్నాను.

మార్చాం. జనం ఎగబడ్డారని చెప్పను. వేసవిలోగా ముగ్గురు తీసుకెళ్లారు. పచ్చచీటీ తీయడానికి ఒక్కరు చాలు.

అర తేల్చేముందు యాభై పేజీలైనా చదవాలని నేర్చుకున్నాను. పుస్తకాల వరకూ దాన్ని అమలు చేశాను కూడా.

నా రిటైర్మెంట్ పార్టీకి రమణ పెద్ద ట్రే మోసుకొచ్చాడు. "నీకు ఇవంటే పానం కదా అక్కా, స్పెషల్‌గా ఆర్డర్ చేసిన."

సమోసాలు. రెండు తిన్నాను.