నాన్న రిపోర్టు నేనే చదివాను

మా ముత్తాత పట్వారీ, ఊరి భూముల లెక్కలు రాసేవాడు. మా తాత పట్వారీ. ఆర్మూరు చుట్టుపక్కల ఎవరికి కోర్టు కాగితం వచ్చినా, సర్కారు నోటీసు వచ్చినా మా అరుగు దగ్గరికే తెచ్చేవారు. తాత చదివి చెప్పిందే దాని అర్థం. మా ఇంటివాళ్లు కాగితం పట్టుకుని ఇంకొకరి దగ్గరికి పోవడం ఎన్నడూ లేదు. ఎనభైల్లో పట్వారీగిరి రద్దయింది. ఆ అలవాటు మాత్రం మిగిలింది.

తొంభైల మొదట్లో నాన్నకు బుగ్గ లోపల పుండు లేచి మానలేదు. నిజామాబాదులో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు కోసం నేనొక్కడినే వెళ్లాను. డాక్టరు లేడు. కాంపౌండరు మా పక్క ఊరివాడే, కవరు చేతికిచ్చాడు.

"డాక్టర్‌సాబ్ రేపొస్తడు పట్వారిసాబ్. జర అడిగి పోరాదుండ్రి."

"అక్కర్లేదు. నేను డిగ్రీ చదివిన."

"గట్లయితే ఇగ మాతోని ఏం పని!" అని నవ్వాడు.

బస్సులో విప్పాను. స్క్వామస్ సెల్ కార్సినోమా. సెల్ అంటే కణమని బడిలో చదివాను. మిగతా రెండు మాటలు తెలియవు. క్యాన్సర్ అన్న మాట కోసం కాగితమంతా వెతికాను. ఎక్కడా లేదు. గుండె కుదుటపడింది.

నాన్న అరుగు మీద, తాత కూర్చునే చోటే కూర్చుని ఉన్నాడు. పైనుంచి కిందిదాకా ఇంగ్లీషులో చదివి వినిపించాను.

"ఏమన్నట్టు?"

"బుగ్గల కణాలు చెడ్డయంట నాయినా. ఉత్త పుండే."

"నీకు సమజైంది గద?"

"అయింది."

"రేపు డాక్టర్ను గూడ అడుగుండ్రి," అంది అమ్మ లోపలినుంచి.

"మనింట్ల కాయితం ఒక్కసారే చదువుతరు," అన్నాడు నాన్న.

వెన్నలో మా చేని పసుపు కలిపి నాలుగు నెలలు బుగ్గకు పెట్టుకున్నాడు. పసుపు తవ్వే రోజులు వచ్చేసరికి నోరు తెరుచుకోలేదు, గంజి కూడా దిగలేదు. హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పాత కాగితం చూసింది.

"కార్సినోమా అంటే క్యాన్సరే కదండీ. ఇన్నాళ్లూ ఏం చేశారు? ఎవరు చదివారు దీన్ని?"

నేను నోరు విప్పేలోపే నాన్న చెయ్యెత్తాడు. మాట ముద్దగా వచ్చింది.

"నేనే చదివిన. నేనే వద్దన్న."

ఆయనకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు.

తిరిగి వచ్చాక కాంపౌండరును అడిగాను. కార్సినోమా అంటే ఏమిటో అతనికి ముందే తెలుసు.

నాన్న ఎండాకాలం దాటలేదు. ఆస్పత్రి అప్పు తీర్చడానికి ఆ ఏడే పసుపు ఉడకబెట్టే కడాయిలు రెండూ, ఆరబోసే కల్లం జాగా కూడా దగ్గర్లోని అంకాపూర్ రైతు ఒకరికి అమ్మేశాం.