నీళ్లు పోసుకున్నాక పూసే మందు

చిత్తూరులో మా ఇంట్లో నాకు వేరే కంచం, వేరే చాప, వేరే తువ్వాలు ఉండేవి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, వీపు మీద చర్మం పొడిబారి, ఎర్రబడి పగిలేది. గోక్కుంటే రసి కారేది. డాక్టర్లు దాన్ని ఎగ్జిమా అంటారని తర్వాత తెలిసింది. మా వీధిలో మాత్రం దానికి ఒకటే పేరు, గజ్జి. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. కూర్చోకపోతే పీడా పోయిందనుకునేదాన్ని. నా దిగులంతా తమ్ముడి కోసం.

వాడు ఆ ఏడాదే పుట్టాడు. తమ్ముడు కావాలని కనబడిన దేవుడికల్లా మొక్కినదాన్ని నేను. తీరా వాడొచ్చాక నన్ను ఉయ్యాల తాడు కూడా ముట్టుకోనివ్వలేదు. నాయనను కన్న మా జేజి గడపలో కూర్చుని కాపలా కాసేది.

"బిడ్డ కాడికి పోబాక మే. నీ గజ్జి వానికి అంటుకుంటాది," అనేది.

అమ్మ ఏమీ అనేది కాదు. జేజి మాటకన్నా అమ్మ మాట్లాడకపోవడమే నాకు మంట. వాడు లోపల ఏడుస్తుంటే వసారాలో నా చాప మీద కూర్చుని వినేదాన్ని. ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఇంకేమీ అడగను అనుకునేదాన్ని.

జేజి చెడ్డదేమీ కాదు. మంగళవారం, శుక్రవారం నా ఒంటికి నువ్వుల నూనె పట్టించి, సీకాయపొడి వేసి, జిడ్డు బొత్తిగా వదిలేదాకా పీచుతో తోమేది. నీకు అంటుకోదా అని అడిగితే, "నాకంటుకుంటే ఏముండాది, కాటికి పోయేదాన్ని," అనేది. అసలే పగిలిన చర్మం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

చివరికి నాయన నన్ను బస్సెక్కించి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మడతలు విప్పి చూసింది. ఇంట్లో ఎవరూ అలా పట్టుకుని చాలా రోజులైంది. చెయ్యి వదిలేస్తుందేమోనని కదలకుండా నిలబడ్డాను.

"ఇది అంటుకునే జబ్బు కాదు," అందామె. "కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఒళ్లు అంతే, చర్మంలో తడి నిలవదు. గోరువెచ్చని నీళ్లు పోసుకోవాలి, తోమకూడదు. తువ్వాలుతో అద్దుకుని, ఇంకా తడి ఉండగానే ఈ ఆయింట్‌మెంటు మందంగా పూయాలి. తగ్గినట్టు కనబడినా మానొద్దు."

మేం తీసుకుపోయిన సీసాలోకి కాంపౌండరు తెల్లటి ముద్దను నిండా తీసి పెట్టాడు.

నాయన జేజికి అన్నీ వివరంగా చెప్పాడు. ఆమె అంతా విని ఒకే ముక్క అంది. "నీళ్లు పోసుకున్నాక ఒంటికి జిడ్డు పూసేది యాడన్నా ఉండాదా? జిడ్డు ముందు, నీళ్లు తర్వాత. మందైనా అంతే."

బెల్లం మండీలో పదిమందిని కేకలేసే నాయన జేజి ముందు పిల్లి. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? ఆయింట్‌మెంటును నూనెలాగే ముందు పట్టించింది, తర్వాత సీకాయతో శుభ్రంగా తోమేసింది. పదిహేను రోజులకు నా మోచేతులు ఇంకా పగిలాయి. డాక్టరమ్మకు ఏమీ తెలియదని జేజి తేల్చేసింది, సీసాను అటక మీదికి తోసేసింది.

నేను దాన్ని దించుకున్నాను. పెద్దదాన్నయ్యాను, నేనే పోసుకుంటానని జేజితో పోట్లాడి పెరట్లో తడికచాటుకు పోయేదాన్ని. రెండు చెంబులు పోసుకుని, తడి ఆరకముందే పూసుకునేదాన్ని. పొద్దునా సాయంత్రం, ఒక్కదాన్నే. వీపు మధ్యకు చెయ్యి అందేది కాదు. అక్కడ పూసేవాళ్లెవరూ లేక అదొక్కటే ఎప్పటికీ గరుకుగా ఉండేది. సీసా ఖాళీ అయినప్పుడల్లా నాయన చేతికిచ్చేదాన్ని. ఆయన మండీ పని మీద తిరుపతి పోయినప్పుడు నింపుకొచ్చేవాడు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తగ్గడానికి చాలా నెలలు పట్టింది. అందరూ నన్ను చూడడం ఎప్పుడో మానేశారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఒకరోజు నేనే పోయి జేజి ముందు చేతులు చాపాను. ఆమె వేలితో రాసి చూసింది.

"తిరుచానూరు అమ్మవారికి మొక్కుకుంటి గదా. తగ్గిండాది. పో, ఎత్తుకో పో నీ తమ్ముణ్ని."

నా నెలల కష్టం అమ్మవారి ఖాతాలోకి పోయింది. పోతే పోయింది, తమ్ముడు దొరికాడు చాలనుకున్నాను. వాడికి అప్పటికి రెండేళ్లు దాటాయి. మోకాళ్ల మీద కూర్చుని రారా అని చేతులు చాపాను. వాడు అమ్మ కొంగు వెనక్కి పోయాడు.

"అక్క గజ్జి. ముట్టుకోకూడదు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత తడికచాటుకు పోయి, ఎక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చాను.

ఆ చలికాలంలోనే వాడి మోచేతి మడతలు ఎర్రబడ్డాయి. "అప్పుడే చెప్తిని, అంటించేసింది," అని జేజి నన్ను తిడుతూనే సీకాయపొడి కలిపింది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. జీవితంలో మొదటిసారి జేజి చేతిలోంచి పీచు లాక్కున్నాను. గోరువెచ్చని నీళ్లు మాత్రం పోశాను, తువ్వాలుతో అద్దాను. తడి చేతుల మీద ఆయింట్‌మెంటు పూస్తుంటే వాడి ఏడుపు తగ్గింది. ఇంకో చెయ్యి తనే చాపాడు. కాసేపటికి నా ఒళ్లోనే నిద్రపోయాడు. అంత బరువుంటాడని నాకు తెలియదు.

చుట్టూ అందరూ అయ్యో బిడ్డా అంటున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, సంతోషంగా ఉంది. వీడికి తొందరగా తగ్గనీయకు స్వామీ అని మొక్కుకున్నాను. ఆ మాట ఈనాటికీ వాడికి చెప్పలేదు.