మామ్మ ఉడకబెట్టించిన గుడారం

మొన్న నా మనవడు పిల్లలతో అరకు కొండల్లో రెండు రోజులు గడపాలని కొన్న గుడారం పెట్టె విప్పగానే హాలంతా ఒక వాసన కమ్మింది. కొత్త వానకోటుకీ, ఆరిపోయిన కొవ్వొత్తికీ మధ్యరకం వాసన. మనవడి పెళ్ళాం ముక్కు మూసుకుని, "ఒకసారి మెషీన్లో వేసేస్తాను మామ్మా" అంది. నేను పెట్టె నా వైపు లాక్కున్నాను. ఆ వాసన నాకు ఎనిమిదో ఏటి నుంచీ తెలుసు.

మాది విజయనగరంలో పప్పూ బెల్లమూ అమ్ముకునే ఇల్లు. ఏటా కార్తీక పున్నానికి రెండెడ్ల బండి కట్టుకుని నెల్లిమర్ల దగ్గర చంపావతి ఒడ్డుకి వెళ్ళి, నాన్నకి తెలిసిన రైతు మామిడితోటలో రెండు రాత్రులు గడిపి రావడం మా ఇంటి ఆచారం. ముందురోజే వండిన బూరెలు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, అరిటాకుల్లో మూటకట్టిన పులిహోర, కొత్త ఉసిరికాయ పచ్చడి, ఇవన్నీ గడ్డి పరిచిన బండిలో మా కాళ్ళ మధ్య ఊగుతూ, ఊరు దాటకముందే మా కడుపుల్లో ఆకలి పుట్టించేవి. తెల్లవారుతూనే ఏటికి అవతల జూట్ మిల్లు కూత వినిపించేది. ఆ కూతకి ముందే మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, నీళ్ళలో మూడు మునకలు వేసి, మడిచీర కట్టుకుని, మమ్మల్ని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా రాళ్ళపొయ్యి ముందు కూర్చునేది. మేము ఇసకలో గుజ్జనగూళ్ళు వండుకునేవాళ్ళం, చింతపిక్కలు ఆడేవాళ్ళం, సాయంత్రం అరటిదొప్పల్లో దీపాలు పెట్టి ఏట్లో వదిలేవాళ్ళం. పడక బండి కిందే, చాపల మీదే.

నా చెల్లెలు రత్నానికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. మంచు తగిలితే చాలు, దాని గొంతులో పిల్లి గురక మొదలయ్యేది, డొక్కలు ఎగిరిపడేవి. ఒక ఏడు బండి కింద పడుకున్నందుకు అది చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఆ మరుసటి ఏడు కార్తీకం వచ్చేసరికి, అత్తగారి ఎదుట ఎన్నడూ నోరెత్తని అమ్మ, పిల్లని తీసుకుని నేను రానంది.

"ఇంటికోడలు లేకుండా పున్నం తానమేటే?" అంది మామ్మ. "కరువులో కూడా మానలేదు మనం."

ఇద్దరి మధ్యా నలిగి నలిగి నాన్న గుడారం కొంటానన్నాడు. యుద్ధం అయిపోయిన రోజులు. మిలట్రీ వాళ్ళు వదిలేసిన దుప్పట్లు, బూట్లు, గుడారాలు విశాఖపట్నం నుంచి బండ్ల మీద వచ్చి ఊళ్ళలో అమ్ముడయ్యేవి. అలాంటి బండి ఒకటి మా అంగడి ముందు ఆగింది. పెళ్ళిపందిరంత తెల్లటి గుడారం ఒకటి, పేడరంగులో చిన్నది ఒకటి, రెండూ వీధిలో నిలబెట్టారు. చిన్నదాని లోపల దూరితే ఇప్పుడు మా హాల్లో కమ్మిన ఈ వాసనే. మామ్మకి తెల్లది నచ్చింది.

"అందరం పడతాం, వంటా లోపలే సేసుకోవచ్చు. ఆ పేడముద్దలో ఎవుడు దూరతాడురా?" అంది గడపలోంచి.

అమ్మ రత్నాన్ని చంకనేసుకుని నాన్న వంక చూస్తూ నిలబడింది. నాన్న చెంబుతో నీళ్ళు తెచ్చి రెండింటి మీదా పోశాడు. తెల్లదాని లోపల సన్నటి జల్లు పడింది. పేడరంగు దాని మీద నీళ్ళు తామరాకు మీద లాగ ముత్యాలై జారిపోయాయి. రత్నం చప్పట్లు కొట్టింది. నాన్న అదే తీసుకున్నాడు. ఎందుకు లోపలికి దిగలేదో నీళ్ళు, మాలో ఎవరికీ తెలియదు, దిగలేదన్నదే తెలుసు.

పున్నానికి ముందు నాన్న సరుకు కోసం బొబ్బిలి వెళ్ళాడు. మామ్మ బట్టలుతికే అప్పన్నకి కబురంపి గుడారం మూట వాకిట్లో పడేయించింది.

"బానలో ఎయ్యి. సోడా, సవుడు మట్టీ బాగా పట్టించు."

అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "అత్తా, అంత ఉడికితే గుడ్డ గుణం పోదూ?"

"గుడ్డకి గుణమేటే ఒలే! ఎవుడు పడుకున్నాడో, ఎవుడు సచ్చాడో అందులో. అంటు గుడ్డ కింద కూకుని నేను దేవుడికి దీపం ఎట్టనా?"

రేవులో బాన మరుగుతుంటే చూడడానికి మామ్మ నన్ను వెంట తీసుకెళ్ళింది. పొగ, చవుటి వాసన, నీళ్ళ మీద తెట్టులా తేలిన పసుపుపచ్చటి జిడ్డు. మామ్మ కర్రతో ఆ జిడ్డు పక్కకి తోసి, "సూశావా, ఎంత మురికి ఒదిలిందో!" అని మురిసిపోయింది. అది నీళ్ళు ఇంకకుండా గుడ్డకి పట్టించిన మైనమని మాకు చెప్పేవాళ్ళు లేరు. అప్పన్న ఆరేసిన గుడారం తెచ్చి, "సూడమ్మా, మల్లిపువ్వులాగున్నాది" అన్నాడు. పేడరంగు వెలిసిపోయి నిజంగానే అలాగే ఉంది. వాసన లేదు.

నాన్న ప్రయాణానికి ముందురోజు సాయంత్రం తిరిగొచ్చాడు. గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. చెంబెత్తి దాని మీద నీళ్ళు పోయబోయి, గడపలో నిలబడ్డ తల్లిని చూసి, ఆ నీళ్ళు గటగటా తాగేశాడు. "ఆకాశం తేటగానే ఉన్నాది" అని అమ్మతో అని లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ రాత్రి వంట మానలేదు, బూరెలు వేస్తూనే ఉంది.

మర్నాడు ఏటి ఒడ్డున దీపాలు వదిలే వేళకి సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. మా దొప్పల్లో దీపాలు వరసగా ఆరిపోవడం చూస్తూ గుడారంలోకి పరిగెత్తాం. మొదట లోపల మంచులాంటి తుంపర. తర్వాత గుడ్డ నల్లబడి, కిందికి వేలాడి, చుక్కలు, చుక్కల వెంట ధారలు. చెయ్యి తగిలిన చోటల్లా కొత్త ధార పుట్టేది. "ఎవురూ ముట్టుకోకండి!" అని నాన్న అరుస్తూ, తనే ప్రతిచోటా అరచెయ్యి అడ్డుపెట్టేవాడు. బండి కట్టబోతే నల్లరేగడి బాటలో చక్రాలు దిగబడిపోయాయి, ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. అమ్మ రత్నం మీద వంగి తన వీపునే కప్పు చేసింది. ఆ వాన చప్పుడులో కూడా రత్నం గొంతులోని పిల్లి గురక నాకు వినిపిస్తూనే ఉంది.

అప్పుడు మామ్మ తన తాటాకు పెట్టె తెరిచి, కన్నకొడుకుని కూడా ఏనాడూ తాకనివ్వని మడిచీర తీసి, "ఇది పొడిగున్నాది, సుట్టవే" అని అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ చుట్టింది. కాసేపటికి అదీ తడిసింది. మామ్మ ఆ తడిచీర అంచు పిండుతూ కూర్చుంది. పిండుతూనే ఉంది.

తెల్లవారి మిల్లు కూత వినపడేసరికి వాన తెరిపిచ్చింది. ఇంటికి చేరాం. రత్నం ఆ చలికాలం దాటలేదు.

మామ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు, మామ్మా ఆ ఊసెత్తలేదు. మా ఇంట్లో ఏదీ పారేసే అలవాటు లేదు. ఆ గుడారం మీదే ఏళ్ళ తరబడి మిరపకాయలు, చింతపండు ఎండబెట్టాం. చినుకు పడితే ఇంటిల్లిపాదీ పరిగెత్తేవాళ్ళం, మామ్మ మాత్రం లేచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి సంచులై, మసిగుడ్డలై, ఆ గుడ్డ అరిగిపోయింది. పున్నం ప్రయాణాలు ఆ ఏటితోనే ఆగిపోయాయి. ఇప్పుడు ఆ మామిడితోట ఇళ్ళ స్థలాలైంది, బాన ఎక్కడా కనిపించదు, అమ్మా నాన్నా లేరు, ఆ గురక గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

మనవడి గుడారం డాబా మీద వేయించి చెంబెడు నీళ్ళు పోశాను. "సాలా మామ్మా, ఇంకో బాల్చీ తెమ్మంటావా?" అని వాడు నవ్వాడు. పిల్లలూ నవ్వారు. నీళ్ళు ముత్యాలై జారాయి. మడత పెట్టించి, వాళ్ళు వెళ్ళే రోజుదాకా నా మంచం కిందే పెట్టుకున్నాను. మనవడి పెళ్ళాం మెషీను తిరిగినప్పుడల్లా చెయ్యి కిందికి జార్చి, మూట అక్కడే ఉందో లేదో తడిమి చూసుకున్నాను. తీరా అరకులో వాన పడితే, నాన్నలా అడ్డుపెట్టడానికి ఈ చెయ్యి అక్కడ ఉండదు.